ఎందుకు కాలిందో చెప్పు

ఇవాళ పొద్దున దోహాలోని మా వర్క్‌షాపులో ఒక మోటారు మూత తీయగానే లోపలి తీగకు పూసిన వార్నిష్ మాడిన వాసన గుప్పుమంది. ముఖం దగ్గరగా పెట్టి ఇంకాస్త పీల్చాను. పక్కవాళ్లు నవ్వారు. నవ్వనీ, ఆ వాసన చూడడం కోరుట్లలో ఖాదర్ ఉస్తాద్ నాకు నేర్పిన చదువు.

ఆయనది పొలం మోటార్లకు వైండింగ్ చేసే, అంటే కాలిన తీగ తీసి కొత్తది చుట్టే దుకాణం. అప్పటికే నేను ఒకసారి దుబాయ్‌కి హెల్పర్‌గా వెళ్లి, రెండేళ్లు సిమెంటు బస్తాలు మోసి వచ్చాను. మళ్లీ వెళితే ఎలక్ట్రీషియన్ వీసా మీదే వెళ్లాలని పంతం పట్టి ఆయన దగ్గర చేరాను. తీరా చూస్తే మూడు నెలలు నన్ను తీగ ముట్టుకోనివ్వలేదు! రైతు మోటారు దింపి వెళ్లగానే నా ముందుకు తోసి, "ఎందుకు కాలిందో చెప్పు రాజేశం. గది చెప్పినంకనే తీగ ముట్టు" అనేవారు. "కరెంటు ఎక్కువచ్చి కాలింది ఉస్తాద్" అంటే, "గది అందరు చెప్తరు. బేరింగ్ తిప్పి చూసినవా? లోపలికి నీళ్లు పోయినయా?" నాకు ఒళ్లు మండేది. వీసా కోసం వచ్చినవాడికి ఈ విచారణ దేనికి? కానీ కొన్నాళ్లకు, మోటారు లోపల ఏం జరిగిందో తెలిసేదాకా నాకే అన్నం సహించకుండా పోయింది.

జగిత్యాలలో పనితనం చూసే ట్రేడ్ టెస్ట్ పాసైతేనే ఆ వీసా. లేకపోతే మళ్లీ బస్తాలే. సరిగ్గా ఆ రోజే తెలంగాణ బంద్. బస్సుల్లేవు. ఉస్తాద్ నన్ను తన స్కూటర్ ఎక్కించుకున్నారు. దారిలో ఉద్యమం వాళ్లు రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తూ, "తిన్నంకనే పోవాలె" అని అడ్డం నిలబడ్డారు. టైం మించిపోతోందని నేను మాటిమాటికీ వాచీ చూసుకుంటున్నాను. ఉస్తాద్ తాపీగా పప్పన్నం తింటూ, "మైకు గరగర అంటాంది, ఎందుకంటవ్?" అని నన్నే అడిగారు. అక్కడ కూడా వదల్లేదు మహానుభావుడు!

సగం దించిన షట్టర్ వెనక పరీక్ష జరిగింది. ముగ్గురికి తిరగని మోటార్లు మూడు ఇచ్చి బాగుచేయమన్నారు. మిగతా ఇద్దరూ వెంటనే పాత తీగ కోయసాగారు. నేను వాసన చూశాను. మాడు వాసనే లేదు. తీగ బాగానే ఉంది, మోటారుకు మొదటి ఊపునిచ్చే కండెన్సర్ పోయింది. మార్చగానే గిర్రున తిరిగింది. "ఎవరి దగ్గర నేర్చుకున్నవ్?" అని అడిగి పరీక్ష పెట్టినాయన సంతకం చేశాడు.

బయటికి పరుగెత్తి, "పాసైన ఉస్తాద్!" అన్నాను.

"గా మోటారుకేమైంది?"

"కండెన్సర్ పోయింది."

"ఎందుకు పోయింది?"

మార్చాను గానీ, అది చూడలేదు. "అయితే సగమే పాసైనవ్ భై" అని నవ్వుతూ ఆయన స్కూటర్ కిక్ కొట్టారు.

ఉస్తాద్ పోయారన్న కబురు ఇక్కడ దోహాలోనే విన్నాను. వెళ్లలేకపోయాను, ఆ బాధ అలాగే ఉంది. ఆ కండెన్సర్ ఎందుకు పోయిందో ఇప్పటికీ తెలియదు.

"తీగ మార్చెయ్, చాలు" అని ఫోర్‌మన్ తొందరపెడుతున్నాడు. ఆగమన్నాను. ఎందుకు కాలిందో ఇంకా తేలలేదు.