మీరు నడవండి, నేను ఎనకాలే వస్తా

గోవిందసామి ఎక్కడికి వెళ్ళినా అందరికంటే చివర వెళ్తాడు. ఆయనకున్నది ఈ ఒక్క పిచ్చే. మిగతా అన్నిటిలోనూ బుద్ధిమంతుడు. బస్సు చివర ఎక్కుతాడు, పంక్తిలో చివర లేస్తాడు, గుడిలో చివర దండం పెడతాడు. రేషన్ కొట్టు దగ్గర నిలబడితే, వెనక ఎవరైనా చేరడం ఆలస్యం, "మీరు నడవండి, నేను ఎనకాలే వస్తా" అంటూ వాళ్ళను ముందుకు పంపి తాను మళ్ళీ కొసకు చేరుకుంటాడు. పొద్దున పోయిన మనిషి కొట్టు మూసేవేళకు ఖాళీ సంచితో ఇంటికొచ్చి, "ఈ పొద్దు శానామంది వచ్చినారు మారమ్మా" అని భార్యకు సంతోషంగా చెబుతాడు. మారమ్మ ఆ సంచీ తీసుకుని మర్నాడు తనే వెళ్తుంది.

ధర్మపురి దగ్గర పిక్కిలిలో వాళ్ళది తరతరాలుగా గొర్రెలు మేపిన ఇల్లు. మంద కదిలితే ముందొకరు, వెనకొకరు నడవాలి. ముందు నడిచేది అన్న గోపాలసామి, వెనక నడిచేది ఈయన. గొర్రెలు అమ్మేశారు, అన్న కాలం చేశాడు, ఇంట్లో ఇప్పుడు రెండు ఆవులు, కాస్త రాగి చేను మిగిలాయి. మంద పోయినా ఈయన మాత్రం వెనకనుంచి ముందుకు రాలేదు.

పెళ్ళినాడే మారమ్మకు ఈ సంగతి తెలిసిపోయింది. కొత్త కోడలు కుడికాలు పెట్టి గడప దాటి లోపలికొచ్చి చూసుకుంటే పక్కన పెళ్ళికొడుకు లేడు. హారతి పట్టుకున్న ఆడపడుచు కంగారుపడింది. పిల్లాడు పారిపోయాడని ఎవరో అనేశారు కూడా. తీరా చూస్తే ఆయన వీధి మొదట్లో ఉన్నాడు. మేళగాళ్ళనందరినీ ముందుకు పంపి, అందరికంటే వెనక ఈడ్చుకుంటూ వస్తున్న ముసలి డోలాయనతో కబుర్లాడుతూ తీరిగ్గా నడిచొస్తున్నాడు.

"ఏంటికయ్యా ఇట్ల జేస్తావు?" అని అడిగితే పూటకో కారణం చెబుతాడు. "ముందర పోతే కుక్కలు మీద పడతాయే." "ముందు పంక్తిలో సాంబారు కాలిపోతా ఉంటుందే." "ముందు సీట్లో కూచుంటే డ్రైవరు మాటలు పెట్టుకుంటాడే." వీటిలో ఒక్కటి కూడా నిజం కాదని మారమ్మకు తెలుసు. అసలు కారణం అడిగి అడిగి విసిగిపోయి, బస్టాండుకు వెళ్ళినప్పుడల్లా ఆయన తువ్వాలు కొస పట్టుకుని బస్సులోకి లాగడం అలవాటు చేసుకుంది. తువ్వాలు చేతికొచ్చి మనిషి కింద మిగిలిపోయిన రోజులూ ఉన్నాయి.

ఇక ఈ కథలో రెండో మనిషి మనవరాలు మోనిషా. ధర్మపురిలో కాలేజీకి పోతోంది. చదువులో చురుకే గానీ, కాలూ చెయ్యీ మాత్రం మహా నిదానం. చెప్పులు వేసుకోవడం దగ్గర్నుంచి అన్నం తినడం వరకూ ఆ పిల్లకు ఏదీ తొందరగా తెమలదు. తీర్థమలై కొండెక్కితే, బంధువులందరూ పైన బొరుగులు తిని చేతులు దులుపుకునేవేళకు మోనిషా ఇంకా మెట్ల మీదే ఉండేది. ఆమె వెనక తాత ఉండేవాడనుకోండి. ఆయన ఎప్పుడూ వెనకే ఉంటాడు కాబట్టి ఆయన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

బడిలో ఒకసారి నిమ్మకాయ-స్పూను పందెం జరిగింది. పిల్లలందరూ గీత దాటేశారు. మోనిషా ఒక్కతే నిమ్మకాయను గుడ్డులా కాపాడుకుంటూ మైదానం మధ్యలో నడుస్తోంది. ఇంతలో జనం గొల్లున నవ్వారు. చూస్తే ఆమె వెనకాల గోవిందసామి, పంచె ఎగ్గట్టి, స్పూనూ లేదు నిమ్మకాయా లేదు, ఊరికే నడిచొస్తున్నాడు. డ్రిల్లు మాస్టరు విజిలు ఊదుకుంటూ ఆయన్ని తరిమాడు. "ఎండ గదా సామీ, ఇట్ల అడ్డంగా పోతే నీడ దగ్గరని" అన్నాడాయన. ఆ పందెంలో కడపట వచ్చింది గోవిందసామేనని ఊరంతా నెలరోజులు చెప్పుకుని నవ్వింది. మోనిషాకు మాత్రం తల కొట్టేసినట్టయింది. తాతతో వారం రోజులు మాట్లాడలేదు.

మొన్న బాలకు హోసూరులో ఉద్యోగం వచ్చింది. బాల మోనిషా పెదనాయన కొడుకు. పాదరసం లాంటి మనిషి. అతని చెల్లెలు తెన్మొళి కబడ్డీ ఆటగత్తె. ఉద్యోగం వచ్చిన సంతోషంలో బాల తాతనూ అవ్వ మారమ్మనూ కలుపుకుని అందరినీ ధర్మపురి సేలం రోడ్డులో కొత్తగా పెట్టిన ఆటగదులకు తీసుకుపోయాడు. కుర్చీలో కూర్చుని మీటలు నొక్కే ఆటలు కావవి. మనుషులే గదిలోకి దిగి ఎగరాలి, దూకాలి, పాకాలి. నేల వెలుగుతుంది, గోడ మెరుస్తుంది, తప్పు చేస్తే బజరు మోగుతుంది. లోపల మనం పడే పాట్లన్నీ బయట పెద్ద టీవీలో పదిమందీ కూర్చుని చూస్తారు.

ఆ టీవీని చూడగానే మోనిషాకు గుండె జారిపోయింది. వచ్చే నెలలో తెన్మొళి నిశ్చితార్థం. కడత్తూరు నుంచి, మొరప్పూర్ నుంచి చుట్టాలందరూ దిగుతారు. ఈరోజు ఇక్కడ తనవల్ల జట్టు ఓడిందా, బాల నోరు ఊరుకోదు. నిమ్మకాయ కథకు తమ్ముడు పుడతాడు.

"మోనీ, నీకు కష్టమైతే అవ్వ పక్కన కూచో. మేము ఇంకెవర్నన్నా కలుపుకుంటాము" అన్నాడు బాల. పాపం, మంచికే అన్నాడు. మంచికే అనడం వల్ల ఆమెకు ఇంకా గుచ్చుకుంది.

"నేను ఆడతా" అంది మోనిషా గట్టిగా.

"అయినా నలుగురు గావాల. మనము ముగ్గురమే గదా" అంది తెన్మొళి. ముగ్గురూ తలతిప్పి చూశారు. తాత అప్పటికింకా వాకిట్లోనే ఉన్నాడు. తలుపు పట్టుకుని వచ్చేపోయేవాళ్ళకు దారి ఇస్తున్నాడు. జనం ఆయన్ని అక్కడి మనిషే అనుకుని చెప్పులు ఎక్కడ విడవాలో అడుగుతున్నారు. ఆయన చూపిస్తున్నాడు.

తాతకు జీవితంలో మొదటిసారి సాక్సులు తొడిగారు. చేతికి పట్టీ కట్టారు. అక్కడ పనిచేసే అమ్మాయి తమిళంలో గడగడా చెప్పింది: పట్టీని తలుపుకు చూపించి నలుగురూ లోపలికి పోవాలి, నీలం పలకల మీద కాలుపెట్టాలి, ఎర్రవాటి మీద పెట్టకూడదు. గోవిందసామి అంతా శ్రద్ధగా విని తల ఊపాడు.

మొదటి గది తలుపు తెరుచుకుంది. బాల దూకాడు, తెన్మొళి దూకింది, మోనిషా మెల్లగా దిగింది. తాత గుమ్మం దగ్గర ఆగి అలవాటు ప్రకారం వెనక్కి చూశాడు. పక్క గది కోసం ఒక పుట్టినరోజు బృందం కాచుకుని ఉంది. పిల్లలు, తల్లులు, టోపీలు, బుడగలు. ఆయన ప్రాణం ఊరుకోలేదు. "పోండి కన్నా, మీరు నడవండి, నేను ఎనకాలే వస్తా" అని అందరినీ లోపలికి సాగనంపాడు. ఆట మొదలైంది. వెలిగిన ప్రతి నీలం పలక మీదా ఇద్దరు పిల్లలు, ప్రతి ఎర్ర పలక మీదా ఒక తల్లి. బజరు ఆగకుండా మోగింది.

"ఎవురు వీళ్ళంతా?" అని బాల జుట్టు పీక్కున్నాడు.

"బయట నిలబడి ఉండారు రా, పాపం!" అన్నాడు గోవిందసామి గుమ్మంలోంచి. ఆయన ఇంకా లోపలికి రానేలేదు.

అక్కడి అమ్మాయి పరిగెత్తుకొచ్చి పుట్టినరోజును బయటికి పంపి ఆట మళ్ళీ మొదలుపెట్టింది. ఆ గది ఎలాగో గడిచింది. తర్వాత గోడమీద మీటలు కొట్టే గది. బాలా తెన్మొళీ ఎగిరి ఎగిరి కొట్టి దాన్నీ దాటించారు. మిగిలింది చివరి గది.

చీకటి గది, అందులో సన్నని పొగ. ఆ గోడ నుంచి ఈ గోడకు అడ్డదిడ్డంగా పచ్చటి కాంతి గీతలు. ఏ గీతా తగలకుండా అవతలి గోడకు చేరి నలుగురూ తలా ఒక మీట నొక్కాలి. మూడుసార్లు గీత తగిలితే ఆట కట్టు. ఒక్కరు మిగిలిపోయినా ఆట కట్టు.

బాల పాక్కుంటూ బల్లిలా పోయాడు. తెన్మొళి వెనకే పోయింది. సగంలో ఆమె జడ ఒక గీతకు తగిలి బజరు మోగింది. "పోతే పోయింది, ఇంకా రెండుండాయి!" అంటూ నవ్వుతూ అవతలికి చేరింది. ఇద్దరూ మీటలు నొక్కేశారు.

"తాతా, సీక్రం రా! మోనీని నిదానంగా రానీ!" అని బాల కేక వేశాడు.

"నువ్వు నడువమ్మా" అన్నాడు తాత మోనిషాతో. "నేను ఎనకాలే వస్తా."

మోనిషా బోర్లా పడుకుని కదిలింది. గీతలు వీపుకు జానెడు ఎత్తులో ఉన్నాయి. బయట టీవీ ముందు ఎంతమంది కూర్చున్నారో, ఎవరెవరు నవ్వుతున్నారో అన్నదే ఆలోచన. గది మధ్యకు వచ్చింది. కాలు కాస్త ముడుచుకుందామని మడమ ఎత్తింది. బజరు మోగింది.

ఆమె కళ్ళు గట్టిగా మూసుకుంది. ఇక అయిపోయింది, తనవల్లే అయిపోయింది అనుకుంది.

"ఎవురది?" అని అరిచాడు బాల.

"నేనేరా నాయినా!" అన్నాడు తాత వెనకనుంచి. "పాడు తువ్వాలు! జారి తగిలింది!"

"అయ్యో తాతా! దాన్ని అక్కడే పడెయ్యి!"

మోనిషా మెడ తిప్పి వెనక్కి చూసింది. తాత ఇంకా మొదటి గీత కూడా దాటలేదు. తువ్వాలు తలకు బిగించి కట్టుకునే ఉన్నాడు. మోకాళ్ళ మీద వంగి ఆమె కేసి చూస్తూ, ఏమీ జరగనట్టు, "నడువమ్మా" అన్నాడు.

అప్పుడు తట్టింది ఆ పిల్లకు. తీర్థమలై మెట్లు గుర్తొచ్చాయి. పెళ్ళిళ్ళలో తాను తిని లేచేదాకా పక్కనే ఇంకా మజ్జిగ పోయించుకుంటూ కూర్చున్న తాత గుర్తొచ్చాడు. నిమ్మకాయ పందెం గుర్తొచ్చింది. ఊరంతా నవ్వింది తాతను చూసి, తనను కాదు. తాను ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా దేంట్లోనూ కడపట రాలేదు. రానివ్వలేదు, ఈ ముసలాయన. మోనిషాకు నవ్వు వచ్చింది. భయం ఎటుపోయిందో పోయింది.

బయట టీవీ ముందు మారమ్మ పక్కన కూర్చున్న పుట్టినరోజు తల్లి తమిళంలో అంటోంది: "ఆ పాప కాలు కదా తగిలింది? తాతేమిటి తన మీద వేసుకుంటాడు?"

కాపురానికొచ్చిన నాటినుంచి మారమ్మ అడుగుతున్న ప్రశ్నకు జవాబు ఆ టీవీలో పచ్చ వెలుతురులో బోర్లా పడి పాకుతోంది. ఆమె లేచి నిలబడింది. "మా పెండ్లినాడు ఒక డోలాయన కాలు కుంటి. ఆయప్పకు తోడుగా నడిచి నన్ను గడపలో ఒంటరిగా నిలబెట్టినాడు. ఇన్నేండ్లు తిట్టినాను" అంది తనలో తాను అనుకున్నట్టు. తర్వాత అక్కడున్న వాళ్ళందరికీ వినబడేలా తమిళంలో గొంతెత్తింది. "చూడండి! అందరికన్నా ఎనక వస్తా ఉండాడే, తువ్వాలు తలకాయ! ఆయనే నా మొగుడు!"

లోపల మోనిషా అవతలి గోడ చేరి మీట నొక్కింది. తాత కూడా దోగాడుకుంటూ చేరుకున్నాడు. గోడమీద అంకెలు తరుగుతున్నాయి. "నొక్కు తాతా! నొక్కు!" అని ముగ్గురూ గొంతు చించుకుంటున్నారు. గోవిందసామి మీట మీద చెయ్యి పెట్టి, నొక్కకుండా, వెనక్కి తిరిగి ఆ ఖాళీ చీకటి గదిని ఒకసారి కలయచూశాడు.

"ఇంకెవురూ లేరు గదా?"

"లేరు తాతా!" అని గుండెలు బాదుకున్నాడు బాల.

నొక్కాడు. గది నిండా పచ్చ దీపాలు వెలిగాయి.

ఆ రోజు బాగా ఆడిన జట్ల పేర్లు గోడకున్న తెర మీద వేశారు. వీళ్ళ పేరూ ఉంది. అట్టడుగున ఉంది. బాల మొహం వేలాడేశాడు. గోవిందసామి మాత్రం తల వెనక్కి వంచి ఆ కింది వరుసను ఆప్యాయంగా చూశాడు. "మంచి చోటే ఇచ్చినారు" అన్నాడు. మోనిషా పకపకా నవ్వింది. కడపట నిలబడి ఆ పిల్ల అంత హాయిగా నవ్వడం అదే మొదలు.

బస్టాండులో ఊరికి పోయే పెన్నాగరం బస్సు కదలబోతోంది. మారమ్మ ఎక్కింది, బాలా తెన్మొళీ ఎక్కారు. ఈసారి మారమ్మ తువ్వాలు పట్టుకు లాగలేదు. కింద ఇద్దరు మిగిలారు.

"తాతా, ఆ బజరు నాకోసరమే గదా నీమీద ఏసుకుంటివి?"

"నీకోసరం యాడ? నా తువ్వాలే తగిలింది."

"పందెంలో నడిచింది?"

"ఎండ గదమ్మా. నీడ దగ్గరని."

"సరే. ఎక్కు తాతా. నువ్వు నడువు, నేను ఎనకాలే వస్తా."

గోవిందసామి ఉలిక్కిపడ్డాడు. ఆయన్ని ఈ మాట ఇంతవరకూ ఎవరూ అనలేదు. "నువ్వెక్కమ్మా. నాకు ముందర ఎక్కితే తల తిరుగుతుంది."

"నాకు కుక్కలు మీద పడతాయి" అంది మోనిషా.

నువ్వంటే నువ్వని ఇద్దరూ మెట్టు దగ్గర మొహమాటపడుతుండగా కండక్టరు విజిలు వేశాడు. బస్సు పోయింది. కిటికీలోంచి తల బయటపెట్టి మారమ్మ ఏదో అరిచింది. తిట్టో మెచ్చుకోలో వినబడలేదు.

తాతా మనవరాలూ వేరుసెనగలు కొనుక్కుని తీరిగ్గా తిన్నారు. ఇంకో బస్సు వచ్చింది. మోనిషా తాత తువ్వాలు కొస గట్టిగా చేతికి చుట్టుకుంది. ఇద్దరూ పక్కపక్కన ఒకేసారి మెట్టు మీద కాలుపెట్టారు, ఒకేసారి తలుపులో ఇరుక్కుపోయారు.

"ఎవరన్నా ఒకరు ముందర ఎక్కండయ్యా!" అని కండక్టరు మొత్తుకున్నాడు.

ఇద్దరూ వినలేదు.