గోబర్ గ్యాసు సబ్సిడీ, పక్కింటి గేదెలు

డెబ్బైల్లో, వేమూరు దగ్గర మా ఊళ్ళో, మా వంటింట్లోంచి ఎంత పొగ వచ్చేదంటే రేపల్లె పాసింజరు డ్రైవరు మా ఇంటిని ఇంకో ఇంజననుకుని ఎదురు కూత వేసేవాడు. ఆ పొగలో వండీ వండీ మా అమ్మ కళ్ళు ఏడాది పొడుగునా పండు మిరపకాయల్లా ఉండేవి. ఇంకొన్నాళ్ళు ఇలాగే వండితే చూపు దక్కదని తెనాలి కళ్ళ డాక్టరు చెప్పేశాడు.

సరిగ్గా అప్పుడే గోబర్ గ్యాసు వచ్చింది. పెరట్లో గొయ్యి తవ్వి, పేడ కలిపి పోసి, పైన ఇనప డ్రమ్ము బోర్లిస్తే గ్యాసు పుడుతుంది. పొలమున్న రైతుకి ఖర్చులో కొంత ప్రభుత్వం సబ్సిడీగా ఇస్తుంది. రెండే షరతులు: శిస్తు రసీదులు చూపించాలి, ఆఫీసరొచ్చి లెక్కపెడితే దొడ్లో ఐదు పశువులుండాలి. రసీదులకేం, మా నాన్న దగ్గర భూమి పుట్టిన నాటివి కూడా ఉండేవి. గేదెలే రెండు.

"ఒక్క పూటకి మూడు గేదెల్ని అరువు తెస్తే పోలా?" అన్నారు నాన్న.

నేను బాపట్లలో వ్యవసాయం చదువుతూ సెలవులకి వచ్చి ఉన్నాను. "మర్నాటి నుంచీ పేడెక్కడిది నాన్నా?" అన్నాను.

"నిన్ను చదివిస్తోంది నన్ను ప్రశ్నలెయ్యడానికి కాదు. పలుపులు పట్టుకో."

పక్కింటి పెద్దమ్మకి మూడు పాడిగేదెలున్నాయి. "మధ్యాహ్నానికల్లా తోలెయ్యండి మరిదిగారూ" అని ఇచ్చింది. దూడల్ని మాత్రం నాన్న వద్దన్నారు. లెక్కలోకి రాని జీవాలకి మన గడ్డెందుకని.

ఆఫీసరు తెనాలి నుంచి పొద్దున బండికి రావాలి. ఆ బండి దారిలో అరటిచెట్లన్నిటినీ పేరుపేరునా పలకరించుకుంటూ వచ్చినట్టుంది. ఆయన మా దొడ్లో అడుగుపెట్టేసరికి సాయంత్రం పాలు తీసే వేళయింది.

లెక్కపెట్టడానికి ఆయన వేలెత్తారో లేదో, గోడవతల దూడలు మూడూ అరిచాయి. ఆ అరుపుకి బాపట్లలో సముద్రం రెండడుగులు వెనక్కి తగ్గి ఉంటుంది. మూడు గేదెలూ బదులు పలికి, పొద్దున పాతిన గుంజల్ని ముల్లంగి దుంపల్లా పెరుక్కుని, ఆఫీసరుకి అటూ ఇటూ దూసుకుపోయి, గోడలో ఉన్న దారిగుండా వరసగా సొంతింటికి వెళ్ళిపోయాయి. ఆయన ఫైలు గడ్డివాములో దొరికింది.

"ఏంటండీ ఇది?" అన్నారు ఆఫీసరు, గడ్డి దులుపుకుంటూ.

"మా గేదెలకి సాయంత్రం షికారు అలవాటండి" అన్నారు నాన్న.

"గుంజలతో సహానా అండీ?"

ఇంతలో అమ్మ వంటింటి గుమ్మంలోకి వచ్చింది. "అవి పక్కింటి అక్కయ్యవి బాబూ. మావి ఈ రెండే. గేదెల సంగతి నాకెందుకు, నాకు పొగ రాని పొయ్యి కావాలి. నా కళ్ళు చూడండి."

ఆయన చూశారు. అమ్మ వెనకాలే పొగ కూడా బయటికొచ్చింది కాబట్టి ఆయన కళ్ళూ ఎర్రబడ్డాయి.

"ఆ మూడింటి పేడా రోజూ మీకే ఇస్తే, రెండిళ్ళకీ కలిపి రాస్తానమ్మా. ఆవిడ ఒప్పుకుంటారా?"

గోడ మీద పెద్దమ్మ తల లేచింది. "మరి నా పిడకలో?"

"పొయ్యిలో మంట నా దగ్గరుంటే నీకు పిడకలెందుకక్కయ్యా? నీ పాలూ ఇక్కడే కాచుకో, నీ కూరా ఇక్కడే వండుకో" అంది అమ్మ.

"పొద్దున నా పాలే ముందు."

"నీవే ముందు."

"గ్యాసు పోగా మిగిలిన పేడ నా చేలోకి."

"సగం."

"సగమేంటే? నా మూడింటిదీ నాకే!"

"సరే, పట్టుకుపో."

ఆఫీసరు నాన్న వైపు తిరిగారు. "మీరేమంటారండీ?"

"నేను శిస్తు రసీదులు తెస్తానండి" అని నాన్న లోపలికి వెళ్ళారు.

సబ్సిడీ నాన్న పేరనే వచ్చింది. గ్యాసు మొదటిసారి అందిన పొద్దున మా వంటింట్లో ఊరి ఆడవాళ్ళంతా చేరారు. రెండూళ్ళ వాళ్ళూ చేరారన్నా కాదనను. పెద్దమ్మ పాలగిన్నె పెట్టి అగ్గిపుల్ల గీసింది. నీలం మంట లేచింది. అమ్మ కళ్ళు మూసుకుని, మొహం పక్కకి తిప్పి, అలవాటు కొద్దీ వంగి గట్టిగా ఊదింది. మంట ఆరిపోయింది.

అందరూ గొల్లున నవ్వారు. పెద్దమ్మ నవ్వకుండా ఇంకో పుల్ల గీసింది.

"ఊదకే చెల్లీ. కళ్ళు తెరిచి చూడు, చాలు."