సున్నా హ్యాండిక్యాప్

మైత్రీవనంలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నేర్పే వీరవెంకటసత్యనారాయణ గారు జీవితంలో ఒక్క సాఫ్ట్‌వేర్‌నీ టెస్ట్ చేసి ఎరగరు. అదొక లోపమని ఆయనకు ఎప్పుడూ అనిపించలేదు. నలభై అయిదు రోజులు కూర్చోబెట్టి, నూట యాభై ప్రశ్నలకు జవాబులు బట్టీ పట్టిస్తే ఎవరైనా ఏదైనా అయిపోవచ్చని ఆయన నమ్మకం. ఆ వీధిలో అందరి నమ్మకమూ అదే.

రెండు వేల ఎనిమిది వేసవిలో ఆయనకో సంగతి తెలిసింది. సోమాజిగూడలో ఒక పెద్ద కంపెనీకి మనుషుల్ని ఎంపిక చేసే రామకృష్ణ గారు శనివారాలు గోల్ఫ్ ఆడతారట. ఆఫీసుకు వెళ్తే గేటు దగ్గరే ఆపేస్తారు. మైదానంలో అయితే గంటల తరబడి ఆయన పక్కనే నడవొచ్చు. ఏడాదికి ఇరవై మంది స్టూడెంట్లను ఆ కంపెనీలో చేర్పించగలిగితే చాలు, ఎదుటి ఇన్‌స్టిట్యూట్ బ్యానర్ కనపడకుండా తన బ్యానర్ కట్టించవచ్చు.

ఎర్రగడ్డ ఆదివారం సంతలో ఓ పాత గోల్ఫ్ కర్ర దొరికింది. స్వింగ్ గురించి ఇంటర్నెట్‌లో ఉన్నదంతా ప్రింటు తీసి స్పైరల్ బైండింగ్ చేయించారు. మడమ నుంచి మణికట్టు దాకా అరవై రెండు పాయింట్లు. వారంలో కంఠతా వచ్చేశాయి. మధురానగర్‌లో తాముండే అపార్ట్‌మెంట్ మేడ మీద, పొద్దున్నే వాటిని పైకి వల్లిస్తూ కర్ర ఊపేవారు. మొదటి వారం బంతి కదల్లేదు. రెండో వారం కదిలి, పక్క లేడీస్ హాస్టల్ నీళ్ళ ట్యాంకు మూత పగలగొట్టింది.

హాస్టల్‌వాళ్ళకు సర్దిచెప్పి వచ్చిన భార్య కుసుమకుమారి, "ఈ వయసులో కర్రాబిళ్ళేంటండీ?" అంది.

అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ మొగిలయ్య మాత్రం నవ్వలేదు. "సార్, నేను సుత పదకొండేండ్లు గోల్ఫ్ గ్రౌండ్ల సంచులు మోసిన. మీరు బంతిని కొడతలేరు, పరీక్ష రాస్తుండ్రు" అన్నాడు.

"మరెలా కొట్టాలంటావు?"

"కొట్టుడు కాదు సార్, ఊపుడు. బంతి మధ్యల అడ్డమొస్తది, గంతే."

కర్ర పక్కన పెట్టించి, సగం నీళ్ళున్న బకెట్ ఒకటి రెండు చేతులతో పట్టుకోమన్నాడు. చుక్క ఒలక్కుండా అటూ ఇటూ ఊపాలి. మూడు వారాలు సత్యనారాయణ గారు రోజూ తడిసి కిందికి దిగారు. ఇన్‌స్టిట్యూట్‌కు ఏదో దోషముందనీ, శాంతి చేస్తున్నారనీ అపార్ట్‌మెంట్‌లో చెప్పుకున్నారు. నాలుగో వారం నీళ్ళు నిలిచాయి. ఇక స్వింగ్ వచ్చేసిందని ఆయన అనుకున్నారు. ఇప్పుడే మొదలైందని మొగిలయ్య అనుకున్నాడు.

కంపెనీకి ఫోన్ చేసి గోల్ఫ్ సంగతని చెప్పేసరికి, ఆఫీసువాళ్ళు రామకృష్ణ గారికి కలిపారు.

"మీ హ్యాండిక్యాప్ ఎంతండీ?" అని ఆయన మొదటి ప్రశ్న.

అది బైండింగ్‌లో లేదు. ఆటగాడు ఎంత వెనకబడి ఉన్నాడో చెప్పే అంకె అది. పెద్దదైతే ఆట రానివాడు, సున్నా అయితే మొనగాడు. సత్యనారాయణ గారు అంగవైకల్యం అనుకున్నారు.

"దేవుడి దయవల్ల నాకేమీ లేదండీ."

"శనివారం ఆరింటికి రాగలరా?" అన్నారు రామకృష్ణ, గొంతులో ఎక్కడలేని వినయంతో.

శనివారం గోల్ఫ్ మైదానంలో మొగిలయ్య అద్దె కర్రల సంచి భుజాన వేసుకున్నాడు. రామకృష్ణ చేతులు కట్టుకుని నిలబడ్డారు, నేర్చుకునేవాడిలా. అరవై రెండు పాయింట్లూ సత్యనారాయణ గారికి ఒకేసారి గుర్తొచ్చాయి. మొదటి ఊపు గాలికి తగిలింది. రెండో ఊపుకు గడ్డి పెళ్ళ లేచి బంతి కన్నా దూరం పోయింది. అంతలో రామకృష్ణ ఫోన్ మోగింది. ఆయన అటు తిరిగారు.

చూసేవాళ్ళు లేకపోయేసరికి సత్యనారాయణ గారికి ఏమీ గుర్తు రాలేదు. కర్ర దానంతటదే లేచింది, దానంతటదే దిగింది. చేతులకు బంతి తగిలినట్టే అనిపించలేదు. అది తెల్లగా పైకి లేచి, ఎక్కడో పచ్చిక నడిమధ్యన వాలింది.

రామకృష్ణ ఇటు తిరిగి, "ఆ బంతి ఎవరిది?" అన్నారు.

"సార్దే" అన్నాడు మొగిలయ్య.

"అయితే మొదటి రెండూ నన్ను చిన్నబుచ్చకూడదని వదిలేశారన్నమాట."

ఆ తర్వాత ఒక్కటీ సరిగా పోలేదు. బంతి బురదలో పడ్డ ప్రతిసారీ రామకృష్ణ ఆయన సంస్కారాన్ని మెచ్చుకున్నారు. ఆట అయ్యాక, టీ తాగుతూ సత్యనారాయణ గారు ఇరవై మంది స్టూడెంట్ల మాట ఎత్తారు.

రామకృష్ణ కప్పు కింద పెట్టారు. "ఇందాక ఫోన్ మా ఆఫీసు నుంచేనండీ. సోమవారం నుంచి నన్ను రావద్దన్నారు. ఆట మధ్యలో చెప్పడం బాగుండదని ఊరుకున్నాను." మళ్ళీ కప్పు అందుకుంటూ అడిగారు: "మీ ఇన్‌స్టిట్యూట్‌లో ఇంటర్వ్యూల గురించి చెప్పేవాళ్ళేమైనా కావాలా?"

దసరా అయ్యేసరికి ఆయన మైత్రీవనంలో పాఠం చెబుతున్నారు. 'పాత ఉద్యోగం ఎందుకు మానేశారు' అన్న ప్రశ్నకు తడబడకుండా జవాబు చెప్పడమెలాగో ఆ ఏడాది ఆయనంత బాగా చెప్పినవాళ్ళు లేరు. మాంద్యంలో ఉద్యోగాలు పోయినవాళ్ళతో క్లాసులో నిల్చోవడానికి కూడా చోటు ఉండేది కాదు.

సత్యనారాయణ గారు ఆట మానలేదు. మొగిలయ్యకు సెలవు దొరికినప్పుడల్లా ఇద్దరూ వెళ్తారు. ఒకసారి ఉండబట్టలేక అడిగారు.

"ఆ రోజు నేనేం చేశాను మొగిలయ్యా?"

"ఏం చెయ్యలే సార్. గందుకే మంచిగ వోయింది."

ఆయన తలూపి ఇంకో బంతి కొట్టారు. అది కుడివైపు పొదల్లోకి పోయింది. వెతకడానికి ఇద్దరూ నడిచారు.