బతికున్న మనిషికి రెండు నిమిషాల మౌనం

ఎదురుగా నిలబడి ఉన్న మనిషికే సంతాపసభ జరిపినవాడు గుంటూరు మొత్తంలో నేనొక్కణ్ణే అయి ఉంటాను. ఎలా జరిగిందో చెబుతాను. నవ్వినా ఏమీ అనుకోను.

కొన్నేళ్ల క్రితం ఘానా నుంచి ఎసీ అనే శిల్పి వచ్చి, నల్లపాడులో ఒక ఖాళీ గోడౌనులో మూడు నెలలు పనిచేసింది. మిరపకాయల గోతాలు కుట్టి, తారు పూసి, మనిషెత్తు తల ఒకటి చేసింది. నల్లటి ముఖం, సన్నటి జడలు, చెవులకు పెద్ద రింగులు, ఒత్తుగా మీసం. ప్రదర్శన రోజున ఆమెను పరిచయం చేసే పని ఇంగ్లీషు లెక్చరర్నని నాకు అప్పగించారు.

"నా పేరు, ఊరు చెప్పండి చాలు. తల గురించి ఏమీ చెప్పొద్దు. చూసినవాళ్లు ఏమంటారో నేను వినాలి. వచ్చింది అందుకే," అంది ఎసీ.

ఆ ఏడాదే మా నాన్న పోయారు. నాకు ఏది చూసినా సంతాపంగానే కనిపించేది. పైగా మా వైపు విగ్రహం పెట్టారంటే మనిషి పోయినట్టే.

"ఎవర్రా ఈయన?" అన్నాడు తోటి లెక్చరరు జాన్‌బాబు.

"ఎసీ వాళ్ల నాన్న అయ్యుంటారు. పోలిక చూడు."

"మరి ఆ రింగులేంట్రా?"

"వాళ్ల ఆచారం."

"ఆ అమ్మాయినే అడగరాదూ?"

"పోయినవాళ్ల గురించి అడుగుతారట్రా ఎవరైనా?"

చామంతి దండ తెప్పించి తలకు వేశాను. పరిచయం మానేసి "ఈ మహనీయుడు మన మధ్య లేకపోవడం..." అని తెలుగులో మొదలుపెట్టాను. ముందు వరుసలో అందరూ కళ్లు తుడుచుకుంటున్నారు. గోతాల్లోని మిరప ఘాటు అని నాకు తట్టలేదు. నా ఉపన్యాసం అనుకుని ఇంకాస్త పొడిగించాను. చివర అందరినీ లేపి మౌనం పాటింపజేశాను. మర్యాద తెలిసిన పిల్ల, ఎసీ కూడా తల వంచుకుని నిలబడింది.

మౌనం అయ్యాక మెల్లగా అడిగింది. "ఎవరు పోయారు?"

తల వైపు చూపించాను.

"అది నేను."

"మరి మీసం?"

"ముందు నా రంగు చూస్తారో, మీసం చూస్తారో, నన్ను చూస్తారో తెలుసుకుందామని పెట్టాను. చచ్చిపోయాననుకుంటారని మాత్రం ఊహించలేదు."

ఆ అమ్మాయి మూడు నెలల కష్టం నా నోటి పుణ్యమా అని మట్టిపాలైంది. అప్పుడు ఆమె అద్దెకున్న ఇంటి ఓనరు రత్నమ్మ టీచరుగారు కళ్లు ఒత్తుకుంటూ వచ్చి ఎసీ చెయ్యి పట్టుకున్నారు.

"నువ్వేగా అమ్మా అది? మీసం భలే నప్పింది నీకు. ఈయన మాటలేం పట్టించుకోకు. వాళ్ల నాన్న పోయినప్పట్నుంచీ ఇంతే."

"ఏమంటున్నారు?" అంది ఎసీ ఆత్రంగా.

ఇంగ్లీషులో చెప్పాల్సింది నేనే. ఒక్క ముక్క వదలకుండా చెప్పాను. ఎసీ పగలబడి నవ్వి, రత్నమ్మగారిని వాటేసుకుంది.

అప్పటినుంచీ నాదొక నియమం. బతికే ఉన్నారా అని నోరు తెరిచి అడగనిదే ఎవరికీ సంతాపం తెలపను. అవసరమైతే ఆ మనిషినే అడుగుతాను.