పిచ్చిమొక్కకి ఫొటో

భట్టిప్రోలు దగ్గర బస్సు చెడిపోతే దిగి నిలబడ్డాను. పక్కనే ఒక ఇంటి వాకిట్లో, నీలం పువ్వులతో పేరు తెలియని పిచ్చిమొక్క. కనిపించిన మొక్కకల్లా ఫొటో తీసి, పేరు చెప్పమని వాట్సాప్ గ్రూపులో పెట్టడం నాకున్న జబ్బు. ఇలాంటిది అందులో ఎప్పుడూ రాలేదు.

"అమ్మా, ఇక్కడో ఫొటో తీసుకోవచ్చా?" అని ఇంటావిడని అడిగాను.

"దానికేం బాబూ! ముందు లోపల కూర్చుని టీ తాగండి."

వద్దంటే వినలేదు. పొగలు కక్కే గ్లాసు చేతికిచ్చి ఎటో వెళ్లిపోయింది. నేను తాగి బయటికొచ్చేసరికి వాకిలి ఊడ్చి, కళ్ళాపి చల్లి, ముగ్గు కూడా పెట్టేసింది. నా మొక్క మాత్రం లేదు.

"ఫొటో అన్నారు కదాని పిచ్చిమొక్కలన్నీ పీకేశానండి. ఇప్పుడు తీయండి!" అంటూ కొంగు సర్దుకుని ముగ్గు పక్కన నిలబడింది.

తీశాను. ఫోనులో పెద్దది చేసి చూస్తే, ఆవిడ వెనక గేదె, దాని నోట్లో నా నీలం పువ్వులు. ఆశ చావక ఆ ముక్క వరకు కత్తిరించి, "ఇదేంటో చెప్పగలరా?" అని గ్రూపులో పెట్టాను.

బస్సు కదిలేలోపే జవాబొచ్చింది.

"ముర్రా గేదె సార్. అమ్ముతారా?"