బేసి అంకె లేని పట్టిక

బడిపిల్లల పరిశోధనలు అచ్చేసే చిన్న సైన్సు పత్రిక అది. వచ్చిన ప్రతి వ్యాసాన్నీ, రాసిందెవరో చెప్పకుండా, బయటి బడుల టీచర్లు ఇద్దరికి పంపి పరీక్ష చేయిస్తారు. మొలకల బరువుల మీద పదో తరగతి అమ్మాయి రాసిన వ్యాసానికి వాళ్లలో ఒకరు గట్టిగానే జవాబిచ్చారు. తొంభై ఆరు తూకాల్లో చివరి అంకె ఒక్కటి కూడా బేసి కాదు, ఇవి తూచినవి కావు, కూర్చుని కల్పించినవి అని.

"నాలుగింటికి బడి వదిలేలోపు ఈ వ్యాసాన్ని తిరస్కరించేస్తాను," అన్నారు బడి ల్యాబులో, పత్రికకు సంపాదకుడైన ఫిజిక్స్ మాస్టారు. "దొంగ లెక్కలని హెడ్మాస్టరు గారికీ చెప్పాలి."

"నాకు కనిపించిందే రాశాను సార్," అంది అమ్మాయి. ఆ మాట అనడం అది మూడోసారి.

పక్కన బీకర్లు కడుగుతున్న ల్యాబ్ అసిస్టెంటు చేతులు ఆగిపోయాయి. పిల్లలు ఆవిణ్ణి రిజిస్టరక్క అంటారు. ఏ పరికరం మీద చెయ్యి వేసినా రిజిస్టర్లో రాయాల్సిందే. రాయకపోతే మాస్టార్లకైనా తలంటు తప్పదు.

అంతటి రిజిస్టరక్కా వానాకాలంలో ఓ పని చేసింది. ఎలక్ట్రానిక్ త్రాసులో చివరి అంకె కుదురుగా నిలవడం లేదని పిల్లలు ప్రాణం తోడేస్తుంటే, ఆ అంకె 0, 2, 4 అంటూ రెండేసి చొప్పునే మారేలా సెట్టింగు మార్చేసింది. గోల తగ్గింది. రాయడం మాత్రం మరిచిపోయింది.

బీకర్లు వదిలేసి రిజిస్టరు తెరిచింది. వానాకాలం పేజీ అడుగున ఒక వరస ఖాళీగా ఉంది. అప్పటి తేదీ వేసి ఒక్క ముక్క రాస్తే అమ్మాయీ బయటపడుతుంది, తన పరువూ దక్కుతుంది. ఎవరు చూడొచ్చారు? పెన్ను మూత కూడా తీసింది. నాలుగవడానికి పది నిమిషాలుంది.

ఆ ముక్క రాస్తే కల్పించింది తనే అవుతుంది. సిగ్గుతో చచ్చినంత పనైంది. ఇవాళ్టి తేదీతోనే, అప్పట్లో రాయడం మరిచానని రాసి, తెచ్చి మాస్టారి ముందు పెట్టింది.

"తప్పు ఈ పిల్లది కాదు సార్, నాది. ఏదైనా తూచి చూడండి."

మాస్టారు చేతికందిన సుద్దముక్కలు ఒక్కొక్కటే త్రాసులో వేశారు. అన్నీ సరి అంకెలే. "తొందరపడ్డానమ్మా," అన్నారు అమ్మాయి ముఖం చూడకుండానే. అంతలో ఏదో తట్టింది. "కిందటి సంచికలో మూడు వ్యాసాలు కూడా దీని మీద తూచినవేగా?"

"అవును సార్. సవరణ వేయండి. మాట పిల్లల మీదికి పోకుండా నా పేరు పెట్టి వేయండి."

"పేరెందుకమ్మా, ల్యాబ్ సిబ్బంది అంటే సరిపోదా?"

"సరిపోదు సార్."

వేశారు. ఇన్నేళ్లుగా పిల్లలు వ్యాసాల చివర ఎవరెవరికో కృతజ్ఞతలు చెప్పుకున్నారు. ఆవిడ పేరు పత్రికలో పడటం మాత్రం అదే మొదలు.