అరువు అక్షరాలు

కుదురు అనేది నాకు పుట్టుకతోనే తక్కువ. కూర్చుంటే కాలు ఊపుతాను, నిలబడితే గోళ్లు కొరుకుతాను, ఎవరైనా నెమ్మదిగా మాట్లాడితే వాళ్ల మాట నేనే పూర్తి చేసేస్తాను. ఇలాంటిదాన్ని తీసుకెళ్లి కంప్యూటర్ ముందు కూర్చోబెట్టారు. ఎనభైల నడుమ వరంగల్‌లో ఒక ఇంజినీరింగ్ కాలేజీలో ప్రోగ్రామర్ ఉద్యోగం నాది. చెప్పులు బయట విడిచి ఏసీ గదిలోకి వెళ్లాలి, గుడిలోలాగా మెల్లగా మాట్లాడాలి, ఫ్లాపీ గరగరమంటూ తిరుగుతుంటే చేతులు కట్టుకుని ఎదురుచూడాలి. నా జీతంలో సగం ఆ ఎదురుచూపుకే ఇచ్చేవాళ్లేమో అనిపించేది.

ఇంట్లో నాకు సరిజోడు మా అత్తమ్మ. బతుకంతా పొలంలో పనిచేసి, మామయ్య పోయాక హనుమకొండలో మా అద్దె ఇంటికి వచ్చింది. ఇక్కడ ఏం చేయాలో తోచక కడిగిన గిన్నెలే మళ్లీ కడిగేది. ఆమెకు ఒక్కతే చెల్లెలు, హసన్‌పర్తిలో ఉండేది. కాలు పడిపోయి మంచానికే అంటుకుపోయిన మనిషి. మనసైనప్పుడల్లా ఆ చెల్లెలి పక్కన ఓ పూట కూర్చుని రావాలన్నదే అత్తమ్మ కోరిక. బస్సెక్కితే ఎంతో దూరం కాదు. కానీ ఆమెకు బస్సు బోర్డు చదవడం రాదు.

ఒకసారి బస్టాండులో ఎవరో కుర్రాణ్ని అడిగితే, ఇదే ఎక్కు పెద్దమ్మా అని చూపించాడట. ఎక్కి కూర్చుంటే పరకాలలో దింపింది. చెల్లెలి కోసం చేసిన సర్వపిండి సంచిలో అలాగే ఇంటికి తిరిగొచ్చింది.

"బస్సు తప్పితే తప్పింది బిడ్డా," అంది అత్తమ్మ, సంచి కింద పెడుతూ. "కండక్టరు నవ్విండు. బోర్డు చూస్కొని ఎక్కద్దా అన్నడు. బస్సుల అందరు నా దిక్కే చూసిండ్లు. ఇగ నేను ఎవల్ని అడుగ."

అప్పటి నుంచి మా ఆయన వెంట తీసుకెళ్తేనే ప్రయాణం. ఆయన "ఆదివారం పోదాం అమ్మా" అనేవాడు. ఆదివారాలు వచ్చేవి, ఆయనకు ఏదో ఒక పని తగిలేది. చివరికి ఒకరోజు అత్తమ్మ నా ముందు కూర్చుని, "నాకు సదువు చెప్పు. బస్సు బోర్డు సదివేదాక చాలు, ఎక్కువ అద్దు," అంది.

నేను ఒక వాచకం కొనుక్కొచ్చాను. చీమల్లాంటి అక్షరాలు, ఉడుత బొమ్మ, ఈక బొమ్మ. రెండు పేజీలు తిప్పి అత్తమ్మ దాన్ని పక్కకు తోసేసింది. "ఉడుతతోని నాకేం పని?" అని అడిగింది. అక్కడే నాకు ప్రోగ్రాం రాయాలన్న దురద పుట్టింది.

నేను రాసిన ప్రోగ్రాం చేసేది చిన్న పనే. ఇప్పటిదాకా ఏయే అక్షరాలు వచ్చాయో చెబితే, ఆ అక్షరాలతో అయ్యే మాటలను వెతికి, అరచేయంత పెద్దగా అచ్చు వేసేది. కింద దిద్దుకోవడానికి అవే మాటలు చుక్కల్లో వచ్చేవి. మాటలన్నీ నేనే ఏరి పెట్టాను. ఊళ్ల పేర్లు, దవాఖాన, రేషన్ దుకాణం, కిరోసిన్. కాలేజీ ప్రింటర్ మీద సాయంత్రం నాలుగు కాగితాలు తీసుకుని ఇంటికి పరుగెత్తేదాన్ని. అత్తమ్మతో పాటు వీధిలోని నలుగురైదుగురు ఆడవాళ్లు మా వరండాలో చేరారు. వాళ్లు దిద్దుతుంటే నేను వెనక నుంచి తొందరపెట్టేదాన్ని.

ఇందులో ఒక మెలిక ఉంది. ఆ రోజుల్లో కంప్యూటరుకు ఇంగ్లీషు తప్ప ఏమీ రాదు. తెలుగు అక్షరాల కోసం మా కాలేజీ హైదరాబాదులోని ఒక కంపెనీ దగ్గర లైబ్రరీ కొన్నది. లైబ్రరీ అంటే ఎవరో ముందే రాసి మూటగట్టి అమ్మే ప్రోగ్రాం ముక్కలు. మన ప్రోగ్రాంలో 'అ' కావాలంటే ఆ మూటను పిలిస్తే చాలు, అదే గీసి పెడుతుంది. మాటలు వెతికే తెలివి నాది, గీసే చెయ్యి కంపెనీది. నేను దాని గురించి ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

కరీంనగర్‌లో రాత్రిబడి నడిపే ఒక స్నేహితురాలు మా వరండా చూసి, ఆ ప్రోగ్రాం నాకూ కావాలంది. ఆమె చెబితే ఇంకొకరు అడిగారు. నాకు పట్టరాని సంతోషం. ఫ్లాపీల మీద "ఉచితం, కాపీ చేసి పంచండి" అని చీటీలు అంటిస్తూ కూర్చున్నాను. వెనక మా సార్ వచ్చి నిలబడ్డాడని చూసుకోలేదు. సార్ అంటే కంప్యూటర్ విభాగానికి పెద్ద. నెమ్మదైన మనిషి, నాకు అదే పడదు.

"ఇవి బయటికి ఇస్తున్నారామ్మా?"

"ఫ్రీగానే సార్."

"మీరు రాసింది మీరు ఫ్రీగా ఇవ్వొచ్చు. లోపలి అక్షరాలు మనవి కావు కదా," అని బీరువాలోంచి లైసెన్స్ కాగితం తీసి నా ముందు పెట్టాడు. ఆ అక్షరాలు ఈ కాలేజీ గోడల మధ్య, బోధనకు మాత్రమే. వేరే ప్రోగ్రాంలో కలిపి బయటికి ఇవ్వకూడదు. వాటితో అచ్చు వేసిన కాగితాలు కూడా బయట పంచకూడదు. అంటే ఫ్లాపీలే కాదు, మా వరండా బడి కూడా తప్పే.

నాకు తిక్క రేగింది. "అ మీద కూడా హక్కుంటదా సార్ ఎవరికైనా?"

"అ మీద ఎవరికీ ఉండదు. వాళ్లు గీసిన అ మీద ఉంటుంది. ఎవరో ఒకరు కూర్చుని గీసిందే కదమ్మా. కావాలంటే అక్షరాలు తీసేసి ఇవ్వండి."

"తీసేస్తే ఏం మిగులుతది సార్? ఖాళీ విస్తరి."

సార్ కాగితం మళ్లీ బీరువాలో పెట్టాడు. ఆయన చెప్పింది న్యాయమే, అందుకే మరింత ఒళ్లు మండింది.

పక్క సీటు ఆయన మాత్రం ఇచ్చెయ్యండి మేడం, ఎవరు చూడొచ్చారు అన్నాడు. నిజమే. ఆ గదిలో ఉన్న ఫ్లాపీల్లో చాలావరకు కాపీకి కాపీలే. కానీ ఆ లైసెన్స్ కింద సంతకం సార్‌ది. పైగా నేను ఉచితం అని చీటీ అంటించి ఇస్తే, తీసుకున్న రాత్రిబడి వాళ్లు పాపం నిజంగా ఉచితమే అనుకుంటారు. నాది కానిదాన్ని నాదిలాగా పంచిపెట్టడం అవుతుంది. చీటీలన్నీ గోటితో గీకి తీసేశాను.

ఇంట్లో కారణం చెప్పకుండా "కొన్నాళ్లు ఆపుదాం" అన్నాను. ఆ తర్వాత నాకు నిలకడ పూర్తిగా పోయింది. బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే ప్రతి దుకాణం బోర్డూ నన్ను వెక్కిరించేది. సైకిల్ షాపు స ఎవరిది? మందుల షాపు మ ఎవరిది? పప్పు మాడ్చాను, మా ఆయన మీద విసుక్కున్నాను, జడ అల్లుకుంటూ మధ్యలో మర్చిపోయి కాలేజీకి వెళ్లాను. అత్తమ్మ మాత్రం పాత కాగితాల మీదే దిద్దుతూ కూర్చునేది, అవి చిరిగి పోగులయ్యేదాకా.

ఒక రోజు చింతపండు గింజలు తీస్తూ, తల ఎత్తకుండా అడిగింది. "నాకు రాదని ఇడిసిపెట్టినవా?"

అన్ని రోజులూ ఆమె ఆ మాట మనసులో పెట్టుకుని తిరిగిందని నాకు తోచనే లేదు. ఏడుపొచ్చింది. కంపెనీ సంగతి, కాగితం సంగతి, సార్ సంగతి అంతా చెప్పాను.

"అంటే గవి అరువు అక్షరాలా?"

"అరువువే అత్తమ్మా."

"గా మాట ముందుగాల చెప్పద్దా?" అంది. ఆమె మొహం తేటపడింది. తనది మొద్దు బుర్ర కాదని తెలిసింది కదా.

మన అక్షరాలు మనమే గీసుకుంటే ఏ కంపెనీ అడ్డు చెప్పదు. గళ్ల కాగితాలు కట్ట కొనుక్కొచ్చి మొదలుపెట్టాను. అక్షరం గీత తాకిన గళ్లను నింపి, ఆ గళ్లను చుక్కలుగా ప్రోగ్రాంలో పెట్టాలి. పని కష్టం కాదు, నా చెయ్యే కష్టం. నా రాత మందుల చీటీ రాతకన్నా అన్యాయం. సార్ ఒకసారి చూసి, "ఇది ఏ అక్షరమమ్మా?" అని ఎంతో మర్యాదగా అడిగాడు. ఇంటికొచ్చి అన్నీ చింపేశాను. వాచకంలోంచి దించేద్దామా అనుకుంటే, అదీ ఎవరో గీసిందే కదా అన్న అనుమానం పట్టుకుంది. ఒకసారి ఆ అనుమానం మొదలైతే ఇక తెగదు.

ఒక సెలవు రోజు మిగిలిన గళ్ల కాగితాల కట్టను చాప మీద వదిలి, కూరగాయలకు వెళ్లాను. తిరిగొచ్చేసరికి అత్తమ్మ చాప మీద బోర్లా వంగి ఉంది. మా ఆయన ఎర్ర పెన్సిల్ ఆమె చేతిలో ఉంది. కొత్త కాగితాలు తన కోసమే తెచ్చాననుకుంది. కాగితానికి ఒక్క అక్షరం, ఈ అంచు నుంచి ఆ అంచు దాకా. చిన్నగా రాయడం ఆమెకు రాదు. కట్టంతా అయిపోయింది.

సంచి అక్కడే వదిలేసి అరిచాను. "అన్నీ ఖరాబ్ చేసినవ్ గద అత్తమ్మా!"

"రాసుకునుటానికే గద తెచ్చినవ్," అంటూ ఆమె గబగబా కాగితాలు పోగు చేయసాగింది. నేను ఆమె చేతిలోంచి లాక్కున్నాను.

పైన 'హ' ఉంది. దాని కింది కాగితం మీద 'స'. తొందర అన్నది తెలియని చెయ్యి, ప్రతి వంపు దగ్గరా ఆగి, ఊపిరి తీసుకుని గీసిన గీత. తలకట్లు మాత్రం అన్నీ కుడివైపుకు జారిపోతున్నట్టు వాలి ఉన్నాయి. కానీ గది ఆ మూల నుంచి చూసినా చదవొచ్చు. నేను చాప మీద కూలబడి ఒక్కొక్కటీ చూశాను. చాలాసేపు నా కాలు కూడా కదల్లేదు. అరిచినందుకు ఆమె చెయ్యి పట్టుకుంటే, "ఇంకా కోపమున్నదా?" అని అడిగింది.

అప్పటి నుంచి పొద్దున్నే, కాలేజీకి వెళ్లేముందు, ఆమె ఎర్ర గీత తాకిన గళ్లన్నీ నింపేదాన్ని. లేని అక్షరాలు అడిగి రాయించుకున్నాను. ఘ, ఝ దగ్గర సణిగింది. "గివి ఏ బస్సు మీద ఉంటయ్?" అంది. కంపెనీ లైబ్రరీని నా ప్రోగ్రాంలోంచి మొత్తం తీసేసి, ఆమె అక్షరాలు పెట్టాను. మొదటి కాగితం మీద "హసన్‌పర్తి" అని వేసి తెచ్చాను. అత్తమ్మ దాన్ని దగ్గరగా పట్టుకుని చూసి, మిషిన్ కూడా నా లెక్కనే వంకర రాసిందేంది అని ఆశ్చర్యపోయింది. వరండా బడి మళ్లీ మొదలైంది.

ఫ్లాపీలు పంపుదామని సార్ దగ్గరికి వెళ్తే ఆయన అంతా చూసి సంతోషించాడు. తర్వాత అడిగాడు. "ఈ అక్షరాలు ఎవరివి?"

"మా అత్తమ్మవి సార్."

"ఒప్పుకుంటున్నట్టు ఆమె ఒక కాగితం ఇవ్వాలి కదమ్మా."

నవ్వబోయి ఆగాను. కంపెనీకి ఒక న్యాయం, మా అత్తమ్మకు ఒక న్యాయమా?

ఇంట్లో అడిగితే అత్తమ్మ తల అడ్డంగా ఊపింది. "ఏలిముద్ర ఎయ్య. సంతకమే పెడ్త. కని ఇప్పుడు కాదు. హసన్‌పర్తి బస్సు నేనే సదివి, ఎక్కి పోయొచ్చినంక పెడ్త. సదువు రానోళ్ల అక్షరాలు ఊరికి పంచుతవా?"

ఫ్లాపీలు స్టీలు డబ్బాలో కూర్చున్నాయి. కరీంనగర్ నుంచి ఎప్పుడు ఎప్పుడని కబురు. నేను రోజూ "రేపు పోతవా?" అని అడగడం, ఆమె "పోత తియ్" అనడం. ఒకరోజు నిజంగానే వెళ్లి, కాసేపటికే మండిపడుతూ తిరిగొచ్చింది. "హ, స, న అనేవరకు బస్సే పోయింది. గంత ఉరుకుడెందుకు దానికి?" ఇద్దరం నవ్వాం. నా నవ్వులో మాత్రం సగం భయమే.

ఆ తర్వాత ఒక పనిదినం నేను కాలేజీ నుంచి వచ్చేసరికి ఇంటికి తాళం. అత్తమ్మ పొద్దున్నే సంచి పట్టుకుని పోయిందని పక్కింటావిడ చెప్పింది. మా ఆయన వచ్చి, విని, "సదువు సదువని నువ్వే చెడగొట్టినవ్" అని నా మీద లేచాడు. నేను బస్టాండుకు నడిచాను. హసన్‌పర్తి వైపు నుంచి వచ్చిన ప్రతి బస్సు మెట్లనూ చూశాను. ఒకటి వచ్చింది, లేదు. ఇంకొకటి, లేదు. ఈసారి కూడా పరకాలలో దిగి ఉంటే, మళ్లీ ఎవరైనా నవ్వి ఉంటే, ఈ జన్మకు ఆమె ఇక పెన్సిల్ ముట్టదు. ఒక్కచోట నిలబడలేక స్టాండులో ఈ చివర నుంచి ఆ చివరకు తిరుగుతూనే ఉన్నాను.

దీపాలు వెలిగే వేళకు వచ్చిన బస్సులోంచి ఖాళీ సంచి మడిచి చంకలో పెట్టుకుని ఆమె దిగింది.

"ఎందుకొచ్చినవ్? నేను తప్పిపోయిననుకున్నవా?" అంది నన్ను చూసి. నడుస్తూ చెల్లెలి సంగతులన్నీ చెప్పింది. చెల్లెలు సర్వపిండి తిన్నదట, తల దువ్వించుకున్నదట. మధ్యమధ్య "పోయేటప్పుడు ఎవల్ని అడుగలే, వచ్చేటప్పుడు ఎవల్ని అడుగలే" అని చెప్పింది. నేను ఆమె మాట మధ్యలో ఒక్కసారి కూడా దూరలేదు.

ఇంటికొచ్చి కాళ్లు కడుక్కోకముందే కాగితం తెమ్మంది. ఏం రాయాలో నేను అప్పటికే తయారు చేసి పెట్టుకున్నాను. ఎవరైనా వాడుకోవచ్చు, కాపీ చేసుకోవచ్చు, మార్చుకోవచ్చు, అనుమతి అక్కర్లేదు అని చదివి వినిపించాను. "గంత నాకు రాదు," అని పెన్సిల్ తీసుకుంది. మొదట కింద తన పేరు రాసుకుంది. కాసేపు ఆలోచించి, పైన మిగిలిన జాగాలో, తలకట్లు కుడివైపుకు వాలిన ఆ పెద్ద పెద్ద అక్షరాలతో ఇలా రాసింది:

"ఎవలన్న తీస్కోండ్రి. అడుగుడు లేదు."

మర్నాడు ఆ కాగితాన్ని సార్ రెండుసార్లు చదివి, దీన్ని మార్చొద్దమ్మా అన్నాడు. కరీంనగర్‌కు పంపిన ఫ్లాపీతో పాటు దాని కాపీ ఒకటి మడిచి పెట్టాను.